బట్టమేక విడిచిన బీడు

మాఘమాసం చివరి రోజులు. నంద్యాలకు ఉత్తరాన, మిడుతూరు మండలం రోళ్లపాడు బీట్లో ఇంకా పొద్దు పొడవలేదు. వానాకాలంలో మోకాలెత్తు పెరిగిన గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగింది. నాలుగడుగులు వేస్తే చాలు, సూదిమొన గింజలు ప్యాంటు అంచుల్లోకి దిగుతాయి. ఇంటికి పోయాక అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే పెరుక్కోవాలి. తూర్పున వెలుతురు రాగానే గుప్పెడంత నేలపిచ్చుక ఒకటి రివ్వున పైకి లేచి, గాలిలో రెక్కలాడిస్తూ కూతపెట్టి, రెక్కలు ముడుచుకుని రాయిలా కిందికి పడుతుంది. నేలకు తగులుతుందనగా రెక్క విప్పి మళ్లీ లేస్తుంది. దూరంగా జింకల మంద. కొమ్ములు మెలితిరిగిన పోతులు నల్లగా నిగనిగలాడుతూ ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్నాయి. తుమ్మకొమ్మ మీద పాలపిట్ట. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణకు రాష్ట్రపక్షిగా ఉండిపోయింది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. పాలపిట్టకు ఆ సంగతి పట్టినట్టు లేదు.

వీటిలో ఏదీ ఈ బీడుకు పేరు తెచ్చిన పిట్ట కాదు. ఆ పిట్ట బట్టమేక. దాని కోసమే 1988లో ఇక్కడ 6.14 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించారు. ఇప్పుడు ఆ పిట్ట బోర్డుల మీది బొమ్మల్లో కనిపిస్తుంది. గడ్డిలో కనిపించిందంటే అది వార్త.

బట్టమేక పేరులోనే విడ్డూరం ఉంది. మీటరు ఎత్తున్న పక్షి, పోతయితే 8 నుంచి 14 కిలోల దాకా తూగుతుంది. మెడ నిక్కించి, పొడవాటి కాళ్లతో తాపీగా మేస్తూ పోతుంటే దూరం నుంచి మందలోంచి తప్పిపోయిన మేకే అనిపిస్తుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచం మొత్తంలో చాలా కొద్ది. ఈ పేరును తొలిసారి ఇంగ్లిషు పుస్తకానికి ఎక్కించిన వాళ్లలో థామస్ జెర్డన్ ఒకడు. 1836లో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా దిగినవాడు. నెల్లూరులో కొలువు చేస్తూ, వేటగాళ్ల నుంచీ పిట్టలు పట్టేవాళ్ల నుంచీ తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన అతని భారతీయ పక్షుల గ్రంథంలో ఒక్కో పిట్ట కింద హిందుస్తానీ, తమిళం పక్కనే తెలుగు పేరు కూడా ఉంటుంది. బట్టమేకా, నేలనెమలీ ఆ పుటల్లో ఉన్నాయి. మన నిఘంటువులు నాలుగైదు సంస్కృత పర్యాయపదాలతో సరిపెట్టిన చోట, చెవిన పడిన మాటను పడినట్టు రాసుకున్న ఆ దొర కొంత మేలే చేశాడనాలి.

మేలు చేసిన దొరలే తుపాకీలూ తెచ్చారు. బట్టమేక మాంసం రుచికి పేరుమోసింది, పైగా అది చిక్కడం కష్టం. కాబట్టి దాన్ని కొట్టడం గొప్పయింది. అహమ్మద్‌నగర్ ప్రాంతంలో రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఒక్క మనిషి 1809, 1829 మధ్య 961 బట్టమేకలను కూల్చాడని లెక్క ఉంది. ఏడాదికి దాదాపు యాభై. 1969 నాటికి దేశం మొత్తం మీద మిగిలినవి 1260 ఉండొచ్చని పక్షిశాస్త్రవేత్త ధర్మకుమార్‌సింహ్‌జీ అంచనా కట్టారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, తుపాకీ ఎంత పని చేసిందో అర్థమవుతుంది. అయితే ఇక్కడి కథలో తుపాకీది సగం పాత్రే. మిగతా సగం నీళ్లది.

కర్నూలు, నంద్యాల చరిత్ర అంటే నీళ్ల చరిత్రే అని ఇక్కడివాళ్లు నమ్ముతారు. అందులో తప్పేం లేదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, నీళ్లు కడప దాకా పారించాలన్నది 1850ల నాటి ఆలోచన. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే పూచీ పడింది. 1863లో తవ్వకం మొదలై 1870 నాటికి కేసీ (కర్నూలు–కడప) కాలువ సాగింది. పడవలు నడపాలి, పొలాలు పారాలి, వాటాదారులకు లాభం రావాలి. ఈ మూడిట్లో ఏదీ అనుకున్నట్టు జరగలేదు. నల్లరేగడి రైతు నీళ్లు తీసుకోలేదు. రేగడి ఒక్క మంచి వాన పడితే నెలల తరబడి తేమ పట్టి ఉంచుతుంది. జొన్నకూ పత్తికీ అంతే చాలు, పై నుంచి పారిస్తే చేను జవుకెక్కుతుందని రైతు భయం. కంపెనీ ఇంజినీర్లకు అది మొండితనంలా తోచింది. 1876–78 కరువు మీద పడ్డాక గానీ చాలామంది కాలువ వైపు చూడలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

రైతు నీళ్లు వద్దన్న ఆ కాలమంతా బట్టమేకకు మంచికాలమే అయి ఉండాలి. ఎందుకంటే దానికి కావలసినది అడవి కాదు, ఉత్త బీడూ కాదు. గుడ్డు పెట్టడానికి గడ్డినేల, మేతకు పక్కనే మెట్ట చేలు. గొంగళ్లు, మిడతలు, పేడపురుగులు, తొండలు, శనక్కాయలు, జొన్నలు, కందులు, ఏది దొరికితే అది తింటుంది. గుడ్డు సాధారణంగా ఒక్కటే, అదీ గూడంటూ లేకుండా ఉత్త నేల మీద. పెట్ట ఒంటరిగా దాదాపు 27 రోజులు పొదుగుతుంది. ఆ నెలలో గొర్రెల మంద తొక్కినా, కుక్క పసిగట్టినా ఆ ఏటికి అంతే సంగతులు. వానకారు మొదలయ్యేసరికి పోతు మెడ కింద తిత్తి గాలి నింపుకుని మోకాళ్ల దాకా వేలాడుతుంది. లోతైన గొంతుతో అది పెట్టే కూత అర కిలోమీటరు దూరం వినిపిస్తుంది. మాఘంలో ఇవేవీ కనిపించవు. మాఘం అదును మారే కాలం, శనక్కాయ పీకేసి, జొన్న కోసి, చేలు ఖాళీ అయ్యే కాలం.

రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి నేలకు ఒకటే పేరు: బంజరు. శిస్తు రానిది కాబట్టి పనికిరానిది. ఈ మాటే అసలు చిక్కు. అడవి కొట్టేస్తే అయ్యో అనేవాళ్లు దొరుకుతారు, చెరువు పూడిస్తే గొడవపడేవాళ్లు దొరుకుతారు. బీడును దున్నినా, బీడులో చెట్లు నాటినా మంచిపనే అంటారు. గడ్డినేల మీద మొక్కల పెంపకాన్ని దేశమంతటా అభివృద్ధి పేరుతో చాలా ఏళ్లు చేశారు. చెట్టు పెరిగిన చోట బట్టమేక నిలవదు. నాలుగు దిక్కులా కనుచూపు సాగితేనే దానికి ధైర్యం.

జాతీయపక్షిని ఎంచే చర్చ వచ్చినప్పుడు సలీం అలీ బట్టమేక వైపు మొగ్గారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఇంగ్లిషులో బట్టమేక పేరు ఒక్క అక్షరం తప్పు పడితే బూతు అవుతుందన్న జంకు కూడా ఒక కారణమని అంటారు. తెలుగులో పిలిచి ఉంటే ఆ గొడవే లేకపోవును.

1980లో జైపూర్‌లో బట్టమేక జాతి పక్షుల మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ ఏడే తపాలా శాఖ బట్టమేక బొమ్మతో స్టాంపు వేసింది. మరుసటి ఏడు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అసద్ రహ్మానీ ఆధ్వర్యంలో ప్రత్యేక పరిశోధన మొదలుపెట్టింది. మధ్యప్రదేశ్‌లో కరేరా, మహారాష్ట్రలో నన్నజ్, ఆంధ్రలో రోళ్లపాడు. రంజిత్ మనకడన్ ఏళ్ల తరబడి ఈ బీట్లో మకాం వేసి బట్టమేకల రాకపోకలూ మేతా గుడ్లూ పిల్లలూ రాసి పెట్టారు. అప్పట్లో ఇక్కడ పదుల సంఖ్యలో పక్షులు ఒకేచోట కనిపించేవి. అటవీశాఖ కొంత నేలకు చుట్టూ కందకం తవ్వి పశువులను ఆపింది. రెండు మూడు వానలకే గడ్డి మోకాలికి వచ్చింది, పిట్టలు గుడ్లు పెట్టాయి. పనికిరాదన్న నేల ఎంత త్వరగా కోలుకుంటుందో చూపిన ఉదాహరణగా రోళ్లపాడు పేరు పుస్తకాలకెక్కింది.

ఆ తరవాత జరిగిందానికి ఒక్కరిని పట్టుకుని తప్పు నీదే అనడానికి లేదు. అభయారణ్యానికి దగ్గర్లోనే కేసీ కాలువకు ఆసరాగా అలగనూరు జలాశయం కట్టారు. కరువు సీమలో జలాశయం కట్టొద్దని ఏ నోటితో అంటారు? కొంత గడ్డినేల ముంపులో పోయింది. చుట్టుపక్కల మెట్ట చేలు తడి చేలయ్యాయి. జొన్న, కొర్ర, శనగల బదులు నీళ్లు తాగే పైర్లు వచ్చాయి. మనుషుల రాకపోకలు, కరెంటు తీగలు, పురుగుమందులు, కుక్కలు వాటి వెంటే వచ్చాయి. కందకం లోపలి నేల క్షేమంగానే ఉంది. పిట్ట మేసేది కందకం బయట. 1990ల నుంచి సంఖ్య తగ్గుతూ వచ్చింది. గత దశాబ్దంలో ఒకటీ అరా కనిపించడమే గొప్పయింది.

కందకం లోపల జింకలు మాత్రం పెరిగాయి, అదీ వందల్లోకి. కృష్ణజింక ఇప్పుడు రాష్ట్ర జంతువు. రాత్రిపూట అది రాష్ట్ర జంతువు హోదాలోనే కందకం దూకి శనగచేలో పడుతుంది. కాపలా మంచె మీద డబ్బా కొడుతూ తెల్లవార్లు మేలుకునే రైతుకు పక్షి కోసం పెట్టిన అభయారణ్యంలో పక్షి లేకుండా జింకలు ఎందుకున్నాయో ఎవరూ నచ్చజెప్పలేరు. ఆ రైతు కోపంలో న్యాయముంది.

రోళ్లపాడుకు దక్షిణంగా, గడివేముల దాటాక గని, శకునాల ఊళ్ల మధ్య దాదాపు 6 వేల ఎకరాల నేల ఇప్పుడు నల్లటి అద్దాల చెరువులా మెరుస్తుంది. 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు. శకునమంటే సంస్కృతంలో పక్షే. పక్షుల ఎగురుడు చూసి మంచిచెడ్డలు చెప్పేవాళ్లు కాబట్టి ఆ మాట శకునానికి కుదిరింది. ఇలాంటి పార్కుల కరెంటు మోసే తీగలే బట్టమేకకు గండం. దాని చూపు పక్కలకు బాగా సాగుతుంది, ముందుకు సరిగా ఆనదు. బరువైన ఒళ్లు, తీగ కనబడ్డాక పక్కకు తప్పుకోలేదు. రాజస్థాన్ ఎడారిలో తీగలకు తగిలి చస్తున్న పక్షుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. తీగలు భూమిలోకి దింపాలని 2021 ఏప్రిల్ 19న వచ్చిన ఆదేశాన్ని 2024లో కోర్టే సడలించింది. అప్పటికి దేశంలో మిగిలినవి నూటయాభై లోపే. అందులో దక్కను వాటా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నంద్యాల నుంచి దక్షిణానికి నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. ఇక్కడ పిట్టల కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఆళ్లగడ్డలో రోడ్డు వారగా శిల్పుల పాకల్లో ఉలిచప్పుడు తెల్లారకముందే మొదలవుతుంది. నల్లరాతిలోంచి గరుత్మంతుడి రెక్క బయటికొస్తుంటే, ఈక మీద ఈక గీస్తూ, రాతిదుమ్మును నోటితో ఊదేస్తూ కూర్చుంటారు. తూర్పున నల్లమల. గరుత్మంతుడు తపస్సు చేశాడని చెప్పే గరుడాద్రి అహోబిలంలోనే ఉంది. ఈ మాఘ ఫాల్గుణాల్లోనే అహోబిలేశుడి పారువేట నడుస్తుంటుంది. కనుమ నాడు చెంచులు పల్లకి వైపు బాణం వేయడంతో మొదలై, స్వామి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి మించిన ఊళ్లు తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి పిలవడానికి వస్తాడని ఊళ్ల నమ్మకం. పేరుకు వేట, జరిగేది పలకరింపు.

పల్లకి తిరిగే ఈ ఊళ్ల తూర్పు పక్కనే, కొండ అంచు పట్టుకుని తెలుగుగంగ కాలువ సాగుతుంది. 1983లో మద్రాసుకు తాగునీళ్లివ్వడానికి తలపెట్టిన పథకం. పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం నీళ్లు అందుకుని, వెలుగోడు జలాశయంలో నిలిచి, మహానంది, రుద్రవరం, ఆళ్లగడ్డ, చాగలమర్రి వారగా కడప వైపు పోతుంది. ఆ నీళ్లకు ఎదురుపడిన పిట్ట కలివికోడి. పావురమంత ఉంటుంది, గుండె మీద రెండు పట్టీలు, రాత్రిపూట తిరుగుతుంది, కలివిపొదల మధ్య ఖాళీ నేల మీద పరుగెడుతుంది. మళ్లీ జెర్డనే దీన్నీ పట్టుకున్నాడు. కలకత్తాలో పక్షిశాస్త్రవేత్త బ్లిత్ 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. దానికి ఏడాది ముందు, 1847 ఫిబ్రవరి 22న, ఇక్కడికి దగ్గర్లోని కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. ఇక్కడ కుంపణీ ఉరికొయ్యలు నాటుతుంటే కుంపణీ వైద్యుడు పిట్టల పేర్లు రాసుకుంటున్నాడు. రెండూ ఒకే ఏలుబడి పనులే.

1900 ప్రాంతంలో అనంతపురం దగ్గర కనిపించాక కలివికోడి కంటపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అంచున రెడ్డిపల్లెలో ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టాడు. బొమ్మలు పట్టుకుని ఊరూరా అడుగుతూ తిరిగిన బాంబే సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు కబురందింది. పట్టిన పిట్ట బతకలేదు గానీ జాతి బతికే ఉందని తేలింది. ఎనభై ఆరేళ్లు శాస్త్రానికి కనిపించని పిట్టను చూపింది ఆ నేలను రాత్రీపగలూ తిరిగే మనిషే. పుస్తకాల్లో ఇలాంటివాళ్ల పేర్లు అరుదుగా ఉంటాయి, ఐతన్న పేరు నిలిచింది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, రోళ్లపాడు ఏర్పడిన ఏడే. ఆ అక్టోబరులో కలివికోడి స్టాంపు మీదికీ ఎక్కింది.

2005 అక్టోబరులో తెలుగుగంగ తవ్వకం యంత్రాలు సరిగ్గా ఆ పొదల్లోకే దిగాయి. పరిశోధకులు కేకలేశారు, అటవీశాఖ పని ఆపించింది, కాలువ దారి మార్చారు, పిట్ట కోసం అదనంగా వెయ్యి హెక్టార్లకు మించి నేల సేకరించారు. నీళ్లకూ పిట్టకూ మధ్య తగువు వస్తే నీళ్లు పక్కకు తప్పుకోవడం ఈ సీమలో బహుశా అదొక్కసారే. రోళ్లపాడు దగ్గర తగువు అలా ఎదురెదురుగా రాలేదు. ఏ యంత్రమూ బట్టమేక గుడ్డు మీదికి నడవలేదు. ఒక్కో చేనూ ఒక్కో కారుకు మారుతూ పోయింది, అంతే. దాన్ని ఏ కోర్టులో ఆపుతారు?

సాయంత్రం మళ్లీ రోళ్లపాడు. పడమట ఎర్రమల వైపు పొద్దు వాలుతుంటే పిల్లిగద్దలు రావడం మొదలవుతుంది. నడుము సన్నం, రెక్కలు పొడవు. రెక్కలను పైకి వంచి, గడ్డికి రెండు మూరల ఎత్తున, చప్పుడు లేకుండా జారుతూ వస్తాయి. చెట్టెక్కవు. గడ్డిలోనే నేల మీద రాత్రి గడుపుతాయి. మధ్య ఆసియా మైదానాల్లో పిల్లలను లేపి, చలికాలానికి వేల కిలోమీటర్లు దాటి ఇక్కడికి వస్తాయి. ఫాల్గుణం పోయేలోగా వెనక్కి మళ్లుతాయి. గణేశ్, కన్నయ్య అనే ఇద్దరు ఏడు చలికాలాల పాటు ఈ పిల్లిగద్దలను లెక్కపెట్టి, ఆ అంకెలను 2000లో ఫోర్క్‌టెయిల్ పత్రికలో అచ్చువేశారు. పగలు ఇవి చుట్టుపక్కల చేలల్లో మిడతలు పడతాయి. రైతుకు కానీ ఖర్చు లేని కూలీలు. రాత్రికి మాత్రం ఎవరూ దున్నని గడ్డి కావాలి. ఆ గడ్డి ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఈ కందకం లోపలే ఎక్కువగా మిగిలింది. బట్టమేక కోసం తవ్విన కందకమే అది.

లెక్క పెట్టేవాళ్లు గట్టు మీద చతికిలబడి, ఒకరు వేలు చూపిస్తుంటే ఇంకొకరు గీతలు గీస్తుంటారు. నాలుగు గీతలు, అడ్డంగా ఒకటి. లేత బూడిదరంగువి పోతులు, గోధుమరంగువి పెట్టలూ పిల్లలూ. మసకలో పోతు తెల్లగా తేలినట్టు కనిపిస్తుంది, పెట్ట గడ్డిలో కలిసిపోతుంది. అందుకే పెట్టల గీతలు ఎప్పుడూ కొంచెం అటూఇటూ. దిగిన గద్ద పక్కన జింకపోతు ముక్కు చీదితే అది మళ్లీ లేచి, ఇరవై గజాల అవతల ఇంకోచోట వాలుతుంది. గీసిన గీతను కొట్టేసి, అక్కడ దిగిందా, కొత్తదొచ్చిందా అని ఇద్దరూ గొణుక్కుంటారు. అలగనూరు వైపు నుంచి మోటారు పంపు శబ్దం వస్తోంది. తీతువు ఒకటి చీకట్లో అరుచుకుంటూ దాటిపోయింది.